క్యాసెట్‌లో వచ్చే బాపు

మొన్న పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆర్మూరులో ఉన్న మా అన్న ఇంటికి వెళ్లాను. బస్సు దిగగానే ఆ వాసన. మట్టి, పొగ, ఉడికిన దుంప కలిసిన వాసన. ఏ ఊళ్లో ఎన్నేళ్లు కాపురం చేసినా ఆ వాసన తగిలిందంటే నా కాళ్లు వాటంతట అవే మార్కెట్ యార్డు వెనక ఉన్న మా గల్లీలోకి నడుస్తాయి. ఇంట్లో అడుగుపెట్టేసరికి అన్న మనవడు పాలగిన్నె ఒలకబోసి, ఆ పాలలోంచి బొమ్మ ట్రాక్టరు నడుపుతున్నాడు. ఇంకా బడికి సరిగ్గా అలవాటు పడని వయసు. వాడి తండ్రి, అంటే అన్న కొడుకు, దుబాయిలో పనిచేస్తాడు. కోడలు వంటింట్లోంచి వచ్చి చూసింది. కొట్టలేదు, అరవలేదు. వేలు మాత్రం చూపించింది.

"ఉండు, పొద్దుమీకి మీ డాడీ ఫోన్ చేస్తడు గద. అప్పుడు చెప్త నీ సంగతి."

వాడి చేతిలో ట్రాక్టరు ఆగిపోయింది. మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్న మా అన్న చేతిలో కప్పు కూడా ఆగిపోయింది. యాభై దాటిన మనిషి. కప్పు నెమ్మదిగా కింద పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయాడు.

"మామకు ఏమాయె చిన్నమ్మా? నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అని కోడలు నన్ను అడిగింది.

ఏం చెప్పను? ఆ పిల్ల తప్పేమీ మాట్లాడలేదు. మా గల్లీలో ప్రతి తల్లీ మాట్లాడిన మాటే మాట్లాడింది.

మా చిన్నప్పుడు ఆ గల్లీలో ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు తప్ప కండ ఉన్న మగవాడు కనిపించడం అరుదు. ఇంటికొకరు చొప్పున దుబాయి, మస్కట్ పట్టారు. మా ఇంట్లో మా నాన్న, మా బాపు, వెళ్లాడు. పొలం చూసుకోవడానికి బాపు అన్న, మా పెద్దబాపు, ఇక్కడే ఉన్నాడు. అందరి మీదా పెత్తనం బాపు తల్లి, మా బాపమ్మది. ఆవిడ నోరు తెరిస్తే బర్రెలు కూడా నెమరు ఆపేవి. అమ్మ ఆ ఇంట్లో చిన్న కోడలు. అన్నకు తొమ్మిదో పదో ఏళ్లు, నేను వాడికంటే కొంచెం చిన్న. నాకు బాపు ముఖం సరిగ్గా గుర్తుండేది కాదు. గొంతు మాత్రం బాగా తెలుసు.

బాపుకు చదువు రాదు. ఉత్తరం రాయాలన్నా, చదివించుకోవాలన్నా ఇంకొకడి నోరు కావాలి. అందుకని మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడే ఒక టేపురికార్డరు తెచ్చిపెట్టాడు. దాన్ని దేవుడి పటాల పక్కన, అల్లిక గుడ్డ కప్పి ఉంచేవారు. బాపు అక్కడ గదిలో కూర్చుని క్యాసెట్‌లో మాట్లాడేవాడు. బాల్కొండ దిక్కు ఊళ్ల వాళ్లు ఎవరైనా సెలవు మీద వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపేవాడు. పెద్దబాపు సైకిలేసుకుని పోయి తెచ్చేవాడు. క్యాసెట్‌తో పాటు ఒక సబ్బో, అత్తరు సీసానో వచ్చేది. ఆ సబ్బు ఒంటికి రుద్దుకునేది కాదు, బట్టల పెట్టెలో దాచి వాసన చూసుకునేది.

పొద్దుగూకాక, మక్కగట్క తిని చేతులు కడుక్కున్నాక అందరం టేపురికార్డరు ముందు కూర్చునేవాళ్లం. మొదట గరగర, తర్వాత ఒక దగ్గు, ఆ తర్వాత బాపు. "అందరు మంచిగున్నరా? నేనైతే ఈడ మంచిగున్న. నా ఫికర్ చెయ్యకుండ్రి." ముందు బాపమ్మ మోకాళ్ల నొప్పులు అడిగేవాడు. తర్వాత పెద్దబాపును పొలం సంగతులు. ఆ తర్వాత పోరగాళ్ల ముచ్చట. అమ్మతో నేరుగా ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. పెద్దల ముందు పెళ్లాంతో మాట్లాడతాడా ఎక్కడైనా? "పిల్లల తల్లిని జర పానం మంచిగ చూసుకొమ్మను" అనేవాడు. అమ్మ తలుపు చాటునుంచి వినేది. ఆ ఒక్క మాట కోసమే అంతసేపు నిలబడేది.

రెండు మూడు రోజులయ్యాక అదే క్యాసెట్‌ మీద మేము మాట్లాడి, తిరిగి వెళ్లేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవాళ్లం. బాపు మాట్లాడిందంతా చెరిగిపోయేది. కొత్త క్యాసెట్ కొనుక్కోవచ్చు కదా అని ఎవరికీ తోచలేదు. "విన్నంక ఖాళీయే గద" అనేది అమ్మ. రెండు మీటలు కలిపి నొక్కితే రికార్డింగు మొదలయ్యేది. బాపమ్మ ఆ పెట్టెకు నోరు ఆనించి, కొడుకు చెవిటివాడైనట్టు అరిచేది. పెద్దబాపు గొంతు సవరించుకుని ఉపన్యాసం ఇచ్చినట్టు మాట్లాడేవాడు. చివరికి అమ్మ వంతు వచ్చేది.

అమ్మ ఏం మాట్లాడాలి? నువ్వు గుర్తొస్తున్నావని అనలేదు. బాపమ్మ పెట్టే ఆరళ్లు బాపమ్మ ముందే చెప్పలేదు. నలుగురి ముందు మొగుడితో మాట్లాడటానికి సిగ్గుపడనక్కర్లేని ముచ్చట ఆవిడకు ఒక్కటే దొరికింది. కొడుకు అల్లరి. "పోరడు మాట ఇంటలేడు. నువ్వే జర భయం చెప్పు" అనేది. ఆ మాట అనేటప్పుడు అమ్మ గొంతులో ఒక వెచ్చదనం ఉండేది. అది మా అన్న మీద కోపం కాదని నాకు పిల్లలు పుట్టి, పెద్దయ్యాక గానీ తెలియలేదు. మొగుడిని తన వైపు ఒకసారి చూడమని అడగడం అది.

అదే అలవాటైపోయింది. అన్న గోలీలాడుతూ బడి ఎగ్గొట్టినా, పసుపు ఉడికే పొయ్యిలో గెనుసుగడ్డలు దూర్చి నిప్పులు చెదరగొట్టినా, అమ్మ కొట్టేది కాదు. వాణ్ని టేపురికార్డరు ముందు నిలబెట్టేది. "చేతులు కట్టుకో. ఏం చేసినవో నీ నోటితోనే మీ బాపుకు చెప్పు." వాడు చేతులు కట్టుకుని చెప్పేవాడు. మొదట్లో నవ్వుతూ చెప్పేవాడు. బాపు కూడా జవాబులో "అరె దొంగ కొడకా" అని నవ్వినట్టే మాట్లాడేవాడు. రాను రాను ఆ నవ్వు పోయింది. అమ్మ ఊరికే భయం చెప్పమంటోంది, బాపమ్మ "తండ్రి దగ్గర లేని పోరడు ఖరాబయితడు" అంటోంది, అక్కడ గదిలో తోటివాళ్లు వింటున్నారు. బాపు గొంతు పెంచాడు. "మొక్కగ వంగనిది మానయినంక వంగుతదా" అని బాపమ్మ సంతోషించింది.

ఆ ఏడు పసుపు బాగా పండింది. మా పెరటి వెనక కల్లంలో ఉడికిన కొమ్ములు పరిచి ఎండబెట్టారు. ఎండకు కొమ్ములు గలగలమనే దాకా వాటికి కావలి కావాలి. పందులు తొక్కకూడదు, మేకలు రాకూడదు, మబ్బు పడితే తాటిపత్రి పట్టా కప్పాలి. ఆ రోజు అందరూ పొలంలో ఉన్నారు. అన్నను కాపలా పెట్టారు. అటు పక్కింటి వాళ్ల కల్లంలో పసుపు పాలిష్ చేసే డ్రమ్ము తిప్పుతున్నారు. నలుగురు మనుషులు ఆ డ్రమ్మును తిప్పుతుంటే పచ్చటి దుమ్ము లేచి, వాళ్ల చెమట కూడా పచ్చగా కారేది. అన్న అది చూడటానికి పోయాడు. మబ్బు ఎటునుంచి వచ్చిందో తెలియదు. వాన పడింది. వాడు పరుగెత్తుకొచ్చి తాటిపత్రి లాగాడు గానీ, పెద్దవాళ్లు ఇద్దరు లాగాల్సిన బరువది. సగం కప్పాడు. మిగతా సగం మీద తనే బోర్లా పడుకున్నాడు. మేము వచ్చేసరికి వాడి చొక్కా, ముఖం, పళ్లు అన్నీ పచ్చగా ఉన్నాయి. కొమ్ములు నల్లబడ్డాయి.

పెద్దబాపు ఆ రోజు కొట్టలేదు. "పోనీ, పోరడు ఏం చేస్తడు, వానను ఆపుతడా" అన్నాడు. ఆ మాటతో అయిపోవలసింది. కానీ రెండో రోజే క్యాసెట్ పోతోంది. బాపమ్మ ఊరుకోలేదు. అమ్మ వాణ్ని నిలబెట్టింది. వాడు చెప్పాడు. కాపలా వదిలి డ్రమ్ము చూడపోయాననే చెప్పాడు, పసుపు మీద బోర్లా పడుకున్న సంగతి చెప్పలేదు. అడిగిందే చెప్పాలని వాడికి అలవాటు.

ఆ తర్వాత వాడు మారాడు. నిజంగా మారాడు, నేను చూశాను. తెల్లారి లేచి బోరింగు నుంచి నీళ్లు మోశాడు. బర్రెలకు గడ్డి వేశాడు. ఎండాకాలం సెలవుల్లో కూడా పుస్తకం పట్టుకున్నాడు. గోలీలు నాకిచ్చేశాడు. "ఎందుకన్నా?" అంటే, "మల్ల క్యాసెట్ పోయేటప్పుడు అమ్మ మంచిగ చెప్తది. బాపు గా మాట ఇంటడు. నన్ను మంచోడంటడు" అన్నాడు. వాడికి కావలసింది అదొక్కటే. బాపు నోటి నుంచి ఒక్క మంచి మాట. దాని కోసం ఆ పిల్లవాడు వేసవంతా కూలివాడిలా పనిచేశాడు.

క్యాసెట్ వచ్చేసరికి వానాకాలం వచ్చింది. బళ్లు తెరిచారు. అందరం కూర్చున్నాం. అన్న తల దువ్వుకుని, ఉతికిన అంగీ తొడుక్కుని ముందు కూర్చున్నాడు. గరగర, దగ్గు, ఆ తర్వాత బాపు. బాపమ్మ మోకాళ్లు అడగలేదు. పొలం అడగలేదు. "ఆ పోరణ్ని నిలవెట్టుండ్రి" అన్నాడు. అన్న లేచి నిలబడ్డాడు. "నేను ఈడ ఎండల సచ్చుకుంట రెక్కలు ముక్కలు చేస్తుంటే, నువ్వు పసుపును వానకు వదిలి తమాష చూడవోతవా? నువ్వు నాకు పుట్టినవా? అన్నా, ఆణ్ని గుంజకు కట్టి కొట్టు. నేనుంటే నేనే కొట్టేటోణ్ణి. నువ్వు కొట్టకపోతే నా మీద ఒట్టు."

పెద్దబాపు మీట నొక్కి టేపు ఆపాడు. "ఎప్పటి ముచ్చట ఇది అవ్వా? పోరడు ఇప్పుడు మస్తు మంచిగున్నడు గద" అన్నాడు.

"అంత దూరాన ఉన్నోడు ఒట్టు పెట్టిండు. ఆనికి ఏమన్న అయితే ఎవలు జవాబు చెప్తరు?" అంది బాపమ్మ.

ఒట్టు అనే మాట మా ఇంట్లో కత్తి లాంటిది. సముద్రం అవతల ఉన్నవాడి మీద పెట్టిన ఒట్టయితే ఇంక అడగక్కర్లేదు. అమ్మ ఏడుస్తూ వద్దంటుందనుకున్నాను. ఏడ్చింది గానీ వద్దనలేదు. పెద్దబాపు వాణ్ని గుంజకు కట్టి చింతబరిగెతో కొట్టాడు. కొడుతూ తనూ ఏడ్చాడు. కొట్టడం అయ్యాక ఆ క్యాసెట్ పీకి అటక మీదికి విసిరేసి, "దీని మీద ఇంక ఎవ్వలు మాట్లాడొద్దు" అన్నాడు. అందుకే అది చెరిగిపోకుండా మిగిలింది.

అన్న ఆ రాత్రి నాతో ఒకే మాట అన్నాడు. "ఇప్పుడు చేసినదానికి ఎప్పుడో కొడ్తరు. అప్పటికి నేను వేరేటోణ్ణి అయిత. అయినా కొడ్తరు." పొద్దున లేచి నీళ్లు మోయలేదు. పుస్తకం తీయలేదు. అడగకముందే అబద్ధాలు చెప్పడం నేర్చుకున్నాడు. కోడిపిల్లల్ని గంప కింద పెట్టి, వాటి తప్పులు వాటికి చదివి వినిపించేవాడు. మా గల్లీ పిల్లలం ఒక ఆట కనిపెట్టాం. టేపు ఆట. ఒకరు గోడ చాటున కూర్చుని మగ గొంతుతో శిక్ష చెప్పాలి. గోడకు ఇవతల ఉన్నవాళ్లు దాన్ని అమలు చేయాలి. గోడ వెనక కూర్చున్నవాడు ఇటు చూడకూడదు, అదే ఆటలో కట్టుబాటు. దాదాపు అందరి తండ్రులూ దుబాయి వాళ్లే కాబట్టి ఎవరికీ వివరించి చెప్పనక్కర్లేకపోయింది. అన్న ఎప్పుడూ గోడ వెనకే కూర్చునేవాడు. వాడు చెప్పే శిక్షలకు పెద్ద పిల్లలు కూడా ఆట మానేసి ఇళ్లకు పోయేవారు.

తర్వాతి ఏడు బాపు సెలవు మీద వచ్చాడు. నేను ఎంత పెద్ద మనిషి దిగుతాడో అని చూశాను. ఆటోలోంచి బక్కగా, పొట్టిగా, జుట్టు పలచబడిన ఒక మనిషి దిగాడు. అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. ఆ గొంతు ఈ మనిషిలో ఎలా పట్టిందో నాకు అర్థం కాలేదు. అన్న పెరట్లో ఉన్నాడు. బాపు చేతిలో తాళంచెవి తిప్పితే నడిచే కారు పట్టుకుని, వెనక నుంచి మెల్లగా పోయి, "కొడకా" అన్నాడు.

అన్న వెనక్కి తిరగలేదు. నిటారుగా నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. గోడ వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. "సోమారం బడికి పోలె. బాపమ్మ చిల్లర తీసిన. చెల్లెను గిచ్చిన. అబద్ధం చెప్పిన..." చెబుతూనే ఉన్నాడు. నిక్కరు తడిసి నీళ్లు కాళ్ల వెంట కారుతున్నాయి. అయినా ఆపలేదు.

"నేనేం అడిగిన బిడ్డా? నేనేం అడగలె గద!" అని బాపు వాణ్ని పట్టుకోబోయాడు. వాడు కట్టెలా బిగుసుకుపోయాడు. కారు కింద పడి, తాళం తిరిగినంతసేపు అక్కడే గిరగిరా తిరిగింది.

"గా పోరణ్ని ఏం చేసిన్రు మీరు?" అని బాపు ఇంట్లోకి వచ్చి అరిచాడు. ఆ అరుపు మాత్రం క్యాసెట్‌లో గొంతే.

"నువ్వు చెప్పిందే చేసినం" అంది అమ్మ. పెద్దల ముందు మొగుడికి ఎదురు జవాబిచ్చింది ఆ ఒక్కసారే.

"మీరు చెప్పుమంటేనే చెప్పిన గదనే. క్యాసెట్ వచ్చేటాళ్లకు గిది మర్సిపోయి నవ్వుకుంటరనుకున్న" అన్నాడు బాపు. అక్కడే కూలబడ్డాడు.

సెలవు ఉన్నన్నాళ్లూ బాపు వాడి వెంట తిరిగాడు. సిద్ధులగుట్ట ఎక్కించాడు, భుజాల మీద మోస్తానన్నాడు, అంగట్లో మిర్చీ బజ్జీలు కొనిపెట్టాడు. అన్న చెప్పిందల్లా చేశాడు. తినమంటే తిన్నాడు, నవ్వమంటే నవ్వాడు. ముఖంలోకి మాత్రం ఒక్కసారీ చూడలేదు. వెళ్లేరోజు బాపు మా ఇద్దరికీ మాటిచ్చాడు. "ఇగ తిట్ట బిడ్డా. మంచి ముచ్చట్లే పంపుత."

మాట నిలబెట్టుకున్నాడు. తర్వాత వచ్చిన క్యాసెట్ నిండా అన్నతోనే మాట్లాడాడు. తమ గది ముందుకొచ్చే మూడు కాళ్ల పిల్లి గురించి చెప్పాడు. సముద్రం ఎలా ఉంటుందో చెప్పాడు. "నువ్వు పసుపు మీద బోర్ల పండుకున్నవంట గద, మొన్న వచ్చినప్పుడు పెద్దబాపు చెప్పిండు. నా కొడుకువు అనిపిచ్చుకున్నవురా" అన్నాడు. వాడు ఏ మాట కోసం ఒక వేసవంతా నీళ్లు మోశాడో, ఆ మాట. అన్న చేతులు కట్టుకుని, తల వంచుకుని విన్నాడు. బాపు మాట్లాడటం అయిపోయింది. గరగర మొదలైంది. వాడు కదల్లేదు.

"అయిపోయింది బిడ్డా. ఇంకేం లేదు. కూసో" అంది అమ్మ.

"ఉండు, తిట్లు రాలె ఇంక" అన్నాడు.

క్యాసెట్ తిప్పి రెండో వైపు వేశారు. అందులో ఏమీ లేదు, ఒట్టి గరగరే. అన్న అది చివరిదాకా నిలబడి విన్నాడు. టక్కుమని మీట పైకి లేచాక గానీ కూర్చోలేదు. మరో రెండు రోజులకు అమ్మ ఎప్పటిలాగే ఆ క్యాసెట్ మీదే మాట్లాడింది. విన్నాక ఖాళీయే కదా. ఈసారి నా కొడుకు బుద్ధిమంతుడని చెప్పింది.

అది బాపుకు చేరిందో లేదో తెలియదు. అక్కడే నిద్రలో గుండె ఆగిపోయిందన్నారు. చెక్కపెట్టెలో తెచ్చారు. కర్మకాండలన్నీ అయ్యాక అన్న అమ్మ దగ్గరికి వచ్చి, "గా పిల్లి ముచ్చట క్యాసెట్ ఏది?" అని అడిగాడు. "దాని మీదనే మనం మాట్లాడి పంపితిమి బిడ్డా" అంది అమ్మ. అన్న కాళ్ల కింద ఉన్న చాప అంచును వేలితో పీకుతూ కూర్చున్నాడు.

మా ఇంట్లో బాపు గొంతు అని మిగిలింది అటక మీద క్యాసెట్ ఒక్కటే. ప్రతి ఏడూ పెత్రమాస నాడు బాపు పేరిట బియ్యమిచ్చి వచ్చాక అమ్మ దాన్ని దించి పెట్టించేది. ఆవిడకు మాటలతో పనిలేదు, గొంతు వినబడితే చాలు. కళ్లు మూసుకుని వినేది. "ఆ పోరణ్ని నిలవెట్టుండ్రి" అని బాపు అనేవాడు. మీసాలొచ్చిన మా అన్న లేచి నిలబడేవాడు. ఎందుకమ్మా ఇది, బంద్ చెయ్యమని నేను పోట్లాడేదాన్ని. "ఉండనియ్యి. అమ్మ ఇంటది" అనేవాడు అన్న. పెళ్లయ్యాక కూడా నిలబడ్డాడు. క్యాసెట్ రీలు తెగిపోయే దాకా నిలబడ్డాడు. తన కొడుకును మాత్రం జీవితంలో ఒక్క మాట అనలేదు. తిట్టలేదు, మెచ్చుకోలేదు. వాడు పెరిగి దుబాయి పోతానంటే కూడా ఊ అన్నాడంతే. వాడికి తండ్రి గొంతు ఎలా ఉంటుందో తెలుసా అని నాకు చాలాసార్లు అనుమానం వచ్చేది.

ఇదంతా కోడలికి ఏమని చెప్పను? చెప్పలేదు. పొద్దుగూకేవేళకు అన్న తిరిగొచ్చి గడప మీద కూర్చున్నాడు. ఫోన్ మోగింది. తెరమీద అన్న కొడుకు ముఖం. కోడలు పిల్లవాణ్ని ఫోన్ ముందు నిలబెట్టింది.

"చెప్పు. ఏం చేసినవో నీ నోటితోనే మీ డాడీకి చెప్పు."

మా అమ్మను ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. మాట మాత్రం అక్షరం పొల్లుపోలేదు. పిల్లవాడు చేతులు కట్టుకున్నాడు. అప్పుడు అన్న గడప మీదినుంచి లేచాడు. వచ్చి కోడలి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. ఇంట్లో ఎవరి ఫోనూ ముట్టుకోని మనిషి.

"పాలు నేను ఒలకబోసిన" అన్నాడు.

అవతల కొడుకు నవ్వాడు. "నువ్వు ఒలకబోసుడేంది బాపు? ఆడు చేసిండని ఇందాకనే మెసేజ్ పెట్టింది గద."

"నేనే ఒలకబోసిన బిడ్డా. పోరనికేం తెల్వదు. ఆనితోని జర మంచిగ మాట్లాడు. ఇప్పుడే మాట్లాడు."

తర్వాత కొడుకు గొంతు మారింది. పిల్లవాణ్ని పిలిచి ట్రాక్టరు గురించి అడిగాడు. వాడు చేతులు విప్పి, ట్రాక్టరు తెచ్చి తెర ముందు పెట్టి చూపించాడు. కోడలు తువ్వాలతో ఎప్పుడో ఆరిపోయిన పాల మరకను మళ్లీ తుడిచింది. ఫోన్ పెట్టేశారు. పిల్లవాడు బయటికి పరుగెత్తాడు.

అన్న మాత్రం నిలబడే ఉన్నాడు. చేతులు కట్టుకుని, చీకటి పడ్డ తెర వైపు చూస్తూ, ఇంకేదో రావలసి ఉన్నట్టు. బయటినుంచి ఉడికిన పసుపు వాసన వస్తోంది. నేను లేచి వాడి భుజం మీద చేయి వేశాను.

"అయిపోయిందన్నా. ఇంకేం లేదు. కూసో."